గురువారం తోడు

యూనివర్సిటీలో పుస్తకాలకు అట్టలు కుట్టే పరుశురాం చెవులు కోపమొస్తే ఎర్రబడతాయి. తార్నాకలో బండ్లు అది సిగ్నలనుకుని ఆగిన రోజులున్నాయి. ఇరవై ఏళ్లుగా ప్రతి గురువారం తోటి బైండర్ ఖాదర్‌తో లాలాపేట్ దర్గాకు నడిచిపోతాడు. ఖాదర్ ఫాతిహా ప్రార్థన చదువుతాడు, పరుశురాం పక్కన దోసిలి పడతాడు. మొన్న తాను కుట్టిన పుస్తకాన్ని ఖాదర్ నలుగురి ముందు విప్పి మళ్లీ కుట్టాడని అలిగి, ఈ వారం పరుశురాం ఒక్కడే పోయాడు.

"నీ సాథీ ఏడున్నడు, పరుశన్నా?" అన్నాడు దర్గా చూసుకునే ముజావర్.

"నేనొక్కన్నే వస్తే దేవునికి కండ్లు కనపడవా?" అని కసిరి, లోపలికెళ్లి దోసిలి పట్టాడు. చదివే గొంతు లేక దోసిలి ఉట్టిదిగానే మిగిలింది. మరింత మండిపోయి, వెనక్కొచ్చి ఖాదర్ తలుపు బాదాడు.

"నీ మొహం చూడబుద్ధి అయితలేదు. చెప్పులేస్కో, నడువు."