పాట పరుగు, నురగ పొంగు

ఆ రోజు తప్పు నాదే. అక్క నిదానంగా పాడమన్న పాటను నేను ఉరికించాను.

రెండు వేల దశకం మొదట్లో, పినపాక దాటాక అడవి అంచున ఒక చిన్న గ్రాఫైట్ ప్లాంటులో ల్యాబ్ హెల్పర్‌ని. రాయి పొడిని తొట్టి నీళ్ళల్లో కలిపి, కాస్త నూనె వేసి, కింద నుంచి గాలి వదిలితే గ్రాఫైట్ బుడగలకు అతుక్కుని నల్లటి నురగై తేలుతుంది. మట్టి కిందే ఉండిపోతుంది. కొంతసేపటికోసారి ఆ నురగను ఒక్కో ట్రేలోకి గీకితే, ఎంత గాలికి ఎంత జల్దీ తేలుతుందో తెలుస్తుంది.

మా కెమిస్టు అక్క గడియారం చూసేది కాదు. "కండ్లు నురగ మీదుండాలె" అంటూ చర్చి పాట అందుకునేది. ఒక చరణానికి ఒక ట్రే. ఆదివారం పాటల బృందాన్ని నడిపేది ఆమే, చరణం ఎప్పుడు పాడినా ఒకటే నిడివి. తక్కువ గాలి, తక్కువ నూనెతోనే శుభ్రమైన సరుకు వస్తుందని చూపిస్తే ఆమె కాంట్రాక్టు ఉద్యోగం పర్మినెంటవుతుంది. ఆ టెస్టుకు ఒక్క సంచి పొడే మిగిలింది.

అంతలో ఆమెకు ఆఫీసులో ఫోనొచ్చింది. "తమ్ముడూ, నిదానంగ పాడుకుంట గీకు. గాలి ముట్టకు" అని పోయింది.

నాకు హుషారెక్కింది. చరణాన్ని పెళ్ళి బ్యాండు లెక్క దంచాను. పాట ముందుకు పోయింది, నురగ వెనకబడింది. దాన్ని పాటకు అందించాలని గాలి వాల్వు తిప్పేశాను, నూనె ఒంపేశాను.

అబ్బ, ఏం పొంగు! ట్రేలు నిండి, బల్ల దాటి, నా చెప్పులు మునిగాయి. అక్క వచ్చి గడపలోనే జారి నురగలో కూలబడింది.

"ఏందిరా గిది! పాట పాడమంటే బరాత్ తీసినవా?"

"అక్కా, నీకు మీసాలొచ్చినయ్!"

ఇద్దరం నవ్వి నవ్వి లేవలేకపోయాం. తర్వాత ఆమె ట్రే చూసింది. నురగతో పాటు మట్టి కూడా ఎక్కి వచ్చేసింది.

"నా సంచి అయిపాయె గదా, తమ్ముడూ."

నా నవ్వు ఆగిపోయింది. మేనేజరు దగ్గరికి నేనే ముందు పోయి, తప్పు నాదని చెప్పి గడువు అడిగి తీసుకున్నాను. తెల్లారి సైకిల్ మీద గుట్టకు పోయి, ఆ సంచి రాయి తెచ్చిన తావులోనే మళ్ళీ ఏరుకొచ్చి, దంచి జల్లించాను. సాయంత్రాలు చర్చిలో వెనక బెంచీ మీద ఆ చరణం నేర్చుకున్నాను. నా గొంతు పరుగందుకుంటే చాలు, బృందమంతా పకపకా నవ్వేది.

మళ్ళీ టెస్టు రోజు అక్క గీకింది, నేను పాడాను. చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని, వాల్వు వైపు చూడకుండా.