తోడు మనిషి పేరు

ములాంజె కొండ కింద, టీ తోటల నడుమ ఉన్న ఆ ఆసుపత్రిలో ఎనిఫా సిస్టర్ నోటికి డాక్టర్లు కూడా జంకేవారు. మనిషి మంచిదే. కానీ తను చెప్పింది చెప్పినట్టు జరగాలి.

మా వైపు రోగి ఒంటరిగా ఆసుపత్రికి రాడు. చాప, గిన్నెలు మోసుకుని వెంట ఒక తోడు మనిషి వస్తుంది. వార్డు వెనక మూడు రాళ్ల పొయ్యి మీద వండేదీ, తినిపించేదీ, బట్టలుతికేదీ ఆ మనిషే. నర్సులు చూసుకునేది మందులూ సూదులూ. అలాంటిది, కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఆ జనవరిలో ఎనిఫా తోడు వచ్చినవాళ్లందరినీ బయటికి పంపి గేటుకు తాళం వేసింది. తప్పని ఎలా అంటాం? వాళ్లకు అంటకూడదనే కదా వేసింది.

నఫీసి అవ్వ మాత్రం కదల్లేదు. ఆమె ముసలాయన లోపల ఆక్సిజన్ మీద ఉన్నాడు.

"ఆయనకి తినిపించేదెవరు?" అంది.

"మేమున్నాంగా అవ్వా."

"నలభై మందికి ఇద్దరున్నారు. మీకు చేతులెన్ని తల్లీ?"

ఎనిఫా తాళంచెవి జేబులో వేసుకుంది. అవ్వ వెళ్లి కంచె అవతల, వార్డు కిటికీలకు నాలుగడుగుల దూరంలో చాప పరుచుకుని, మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుంది.

గేటు మూసిన పదో రోజున ఎనిఫాకే జ్వరం తగిలింది. మర్నాటికి ఊపిరి అందలేదు. తన కాగితం తనే నింపుకుంది. పేరు, వయసు, ఊరు రాసింది. 'తోడు మనిషి' అన్న చోట కలం ఆగిపోయింది. ఉన్న ఒక్క చెల్లెలూ కరొంగాలో, దేశానికి ఆ చివర. వచ్చినా గేటు దాటనివ్వరు. ఆ గీత ఖాళీగా వదిలేసి, ఆక్సిజన్ గొట్టం పెట్టించుకుని మంచమెక్కింది.

తోటి నర్సులు ఊపిరి సలపని పనిలో ఉన్నారు. పెట్టిన పళ్లెం పెట్టినట్టే చల్లారిపోయేది. ఊపిరి అందాలంటే బోర్లా పడుకోమని అందరినీ కసిరే మనిషి తను పావుగంట ఉండలేకపోయింది. డాక్టరు ఆమె వేలికున్న ఆక్సిజన్ మీటరు చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. అలా వెళ్లడానికి అర్థం ఎనిఫాకు తెలుసు. చచ్చిపోతానని భయం పట్టుకుంది.

అప్పుడు కిటికీలోంచి గొంతు వినిపించింది.

"ఎవరది వెల్లకిలా పడుకుంది? మా ముసలాయన అలా తిరిగితే ఎంత అరిచావు? బోర్లా తిరుగు."

"నావల్ల కాదవ్వా."

"ఆయనా అదే అన్నాడు. నువ్వు విన్నావా?"

ఎనిఫా తిరిగింది. ఆ రోజు నుంచి అవ్వ పొయ్యి మీద జావ కాస్త ఎక్కువ కాగింది. మొక్కజొన్న జావలో వేరుశనగ పొడి కలిపి, వార్డు ఊడ్చే జలాసి చేతికిచ్చి రెండు గిన్నెలు పంపేది. ఒకటి ముసలాయనకు, ఒకటి సిస్టర్‌కు.

"గిన్నె వంచి చూపించు," అనేది కిటికీకి ఎదురుగా కంచె దగ్గర నిలబడి.

నలుగురినీ గడగడలాడించిన ఎనిఫా బుద్ధిగా వంచి చూపించేది.

ముసలాయన కోలుకున్నాడు. కొడుకు వచ్చి ఇంటికి తీసుకెళ్లాడు. అవ్వ మాత్రం చాప చుట్టలేదు. ఇంకో ఆరు రోజులు వానలో, నెత్తిన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని, ఒక్క గిన్నె జావే కాచింది.

మంచమెక్కిన పదిహేనో రోజున ఎనిఫాకు ఆక్సిజన్ తీసేశారు. ఇంటికి పంపే ముందు సంతకానికి కాగితం ఇచ్చారు. ఖాళీగా వదిలిన గీత మీద జలాసి రాసిన వంకర అక్షరాలున్నాయి. 'నఫీసి. వరస: తల్లి.' ఎనిఫా ఆ కాగితం పట్టుకుని బిడ్డలా ఏడ్చింది. ఇంత రుణపడి ఉన్నానని ఆమెకు అంతవరకూ తెలియదు.

మూడు వారాలకు డ్యూటీలో చేరింది. ముందు మేట్రన్‌తో వాదించి ఒప్పించింది. మంచానికి ఒక తోడు మనిషి, ఆ మనిషికి మాస్కు, గౌను. తర్వాత తనే వెళ్లి గేటు తీసింది. కబురందుకుని వచ్చిన నఫీసి అవ్వ అక్కడే నిలబడి ఉంది. మా ఆడవాళ్లు పెద్దలకు మోకరిల్లుతారు గానీ, యూనిఫాంలో ఉన్న సిస్టర్ రోగి తాలూకు మనిషికి మోకరిల్లడం ఎవరూ చూడలేదు. ఎనిఫా బురదలోనే మోకరిల్లింది.

"లే, లే. తెల్లబట్టలు," అని అవ్వ కసిరింది. "ఉతకాల్సింది నేనే కదా."