కారం చేతులు

దయ్యాలున్నాయంటే నవ్వే మనిషిని నేను. నర్సు ఉద్యోగంలో ఎంతమంది కళ్లు మూశానో నాకే గుర్తు లేదు. పోయినవాళ్లకి ఒళ్లు తుడిచి, దవడకి గుడ్డ కట్టి, చేతులు కడుక్కుని వచ్చి పక్క గదిలో కూర్చుని అన్నం తినేదాన్ని. చచ్చినవాళ్ల వల్ల నాకెప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదు. నన్ను పీక్కుతిన్నదంతా బతికున్నవాళ్లే.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, చదివి "పాపం, పిరికిది" అనుకుంటారేమోనని. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎందుకు జరిగిందని మాత్రం నన్నడగొద్దు.

మాది మంగళగిరి. మగ్గం మీద బతికే ఇల్లు. నాన్న పోయాక మగ్గం మూలపడింది. గుంటూరు మిరప వ్యాపారులు కొందరు కలిసి నడిపే ధర్మనిధి ఒకటి నన్ను నర్సు చదువుకి పంపింది. ఆ నిధికి డబ్బు వచ్చే పద్ధతి ఇప్పటివాళ్లకి చిత్రంగా ఉంటుంది. కొట్టుకి వచ్చిన ప్రతి బస్తాలోంచీ ఓ దోసెడు కాయలు తీసి మూలన పోగు పెట్టేవాళ్లు. దాన్ని ధర్మం పోగు అనేవాళ్లు. కూలికి కాయలు తీసుకునేవాళ్లు కూడా అందులో ఓ గుప్పెడు వేసేవాళ్లు. కోతలయ్యాక ఆ పోగు అమ్మి, వచ్చిన దాంతో పేదింటి ఆడపిల్లల్ని నర్సు చదివించేవాళ్లు, ప్రత్తిపాడు దగ్గర ఓ పల్లెలో ఉచిత వైద్యశాల నడిపేవాళ్లు. చదువయ్యాక కొన్నేళ్లు ఆ వైద్యశాలలోనే చెయ్యాలని ఒప్పందం.

చేశాను. పేరుకి వైద్యశాల, నిజానికది పాత పత్తి గోదాము. ఒకటే తలుపు, ఊచలున్న కిటికీ ఒకటి. డాక్టరు గారు గుంటూరు నుంచి వారానికోసారి వచ్చేవారు. మిగతా రోజులన్నీ నేనూ, ఆయా మస్తాన్‌బీ. దగ్గులు, పుళ్లు, పాముకాట్లు, కాన్పులు. ఊళ్లో ఎవరికి కోపం వచ్చినా ఒకటే మాట: "మా మిరపకాయలతో చదివావు, ఆ మాత్రం చెయ్యవా?" మొదట్లో పౌరుషం వచ్చేది. తర్వాత్తర్వాత అదీ రావడం మానేసింది. ధర్మం తిని చదివినవాళ్లు అలిసిపోయామని చెప్పుకోకూడదు కాబోలు అనుకుని, నడుం పట్టుకుని మళ్లీ లేచేదాన్ని.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో సంగతి ఇది. మిరపకోతలకి కనిగిరి వైపు నుంచి కూలీలు గుంపులుగా దిగేవాళ్లు. అక్కడ వానల్లేవు, పంటల్లేవు. ఆ ఏడు వచ్చినవాళ్లలో వెంగమ్మ ఒకతె. కడుపుతో ఉంది. మొగుడు అంతకుముందు వేసవిలోనే జ్వరం వచ్చి పోయాడు. ఆమెకి మిగిలింది ఊళ్లో ఉన్న కన్నతల్లి ఒక్కతే.

వెంగమ్మకి మిరప పని అదే మొదలు. వచ్చిన తెల్లారే కళ్లు రెండూ వాచిపోయి మా గుమ్మంలో నిలబడింది. తొడిమలు తీసిన చేతుల్ని నీళ్లతో కడుక్కుని, అవే చేతులతో మొహం తుడుచుకుందట. మా వైపు చిన్నపిల్లలు కూడా ఆ పొరపాటు చెయ్యరు. కారం అంటిన చేతులకి ముందు ఆముదం పట్టించాలి. తర్వాత బూడిదతో రుద్ది కడగాలి. ఉత్త నీళ్లు పోస్తే మంట పాకుతుందే గాని పోదు. కాయలు ఆరబోసే కళ్లంలో పనిచేసే తల్లులు మధ్యాహ్నం బువ్వవేళకి పిల్లలకి పాలివ్వడానికి లేస్తారు. ఆముదం గిన్నె ముట్టకుండా వాళ్లు బిడ్డని ముట్టరు.

ఇదంతా మస్తాన్‌బీ ఆమెకి తిడుతూ తిడుతూ నేర్పింది. "ఇప్పుడే అలవాటు చేసుకోవే. లేకపోతే రేపు నీ బిడ్డ ఒళ్లు మండిపోద్ది" అంది. వెంగమ్మ నవ్వుతూ తలూపింది. మళ్లీ కొన్నాళ్లకి అవే కళ్లతో వచ్చింది. "మా ఊళ్లో చేతులు కడుక్కోడానికి నీళ్లేవి సిస్టరమ్మా? ఇక్కడ బావి నిండా ఉంటే పోసుకోకుండా ఎట్టా ఉండేది?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు మాకు.

నెలలు నిండకుండానే ఆమెకి కళ్లంలో నొప్పులు వచ్చాయి. తోటి కూలీలు మంచం మీద మోసుకొచ్చారు. ఆడపిల్ల పుట్టింది. ఆ తర్వాత రక్తం ఆగలేదు. నాకు తెలిసినవన్నీ చేశాను, ఉన్న మందులన్నీ వాడాను. గుంటూరు తీసుకెళ్దామని లారీ కోసం మనిషిని పరిగెత్తించాం. లారీ వచ్చేసరికి దాని అవసరం తీరిపోయింది. బిడ్డని తల్లి పక్కన పడుకోబెట్టే వ్యవధి కూడా లేకపోయింది. వెంగమ్మ స్పృహ లేకుండానే వెళ్లిపోయింది.

పిల్ల గుప్పెడంత ఉంది. గట్టిగా ఏడవలేదు. చీకడం చేతకాదు. మేకపాలల్లో కాచిన నీళ్లు కలిపి, దూది వత్తి ముంచి పెదాల మధ్య పిండేవాళ్లం. సగం పక్కకి కారిపోయేది. కనిగిరి అవతల ఉన్న అమ్మమ్మకి కూలీల మేస్త్రీ కబురంపాడు. ఆమె వచ్చేదాకా ఈ ప్రాణాన్ని నిలబెట్టాలి, అంతే. నిలబడుతుందని నాకు నమ్మకం లేదు. అలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను.

ఈలోగా ధర్మనిధి పెద్ద కోటయ్య గారు వచ్చారు. మిరప కమీషన్ వ్యాపారి. మనసు మంచిదే, గొంతే మోటు. "ఇదేమన్నా అనాథాశ్రమం అనుకున్నావా? గుంటూరులో అట్టాంటి పిల్లల్ని సాకేవాళ్లు ఉన్నారుగా. బస్సెక్కించి పంపించు" అన్నారు. ఆ దుమ్ములో, ఆ కుదుపుల్లో పిల్ల పొలిమేర కూడా దాటదని చెప్పాను.

"ధర్మం ఊరి కోసం పెట్టిందమ్మా. ఎక్కడెక్కడి వాళ్లకో చెయ్యాలంటే ఎక్కడినుంచి తెస్తాం?"

నాకు ఒళ్లు మండింది. "వెంగమ్మ కూడా కూలికిచ్చిన కాయల్లోంచి గుప్పెడు తీసి ధర్మం పోగులో వేసిందండి. ఆ పిల్ల తల్లి వేసిన గుప్పెడు కూడా మీ దగ్గరే ఉంది" అన్నాను. ఆయన కండువా దులుపుకుని, మళ్లీ డాక్టరు వచ్చేదాకా చూద్దామని వెళ్లిపోయారు. అంటే పిల్లకి గడువు పెట్టారన్నమాట.

మర్నాడు మధ్యాహ్నం, కళ్లాల్లో బువ్వవేళ. మస్తాన్‌బీ పాలకి వెళ్లింది. నేను గుమ్మంలో కూర్చుని గుడ్డలు మడత పెడుతున్నాను. లోపల పిల్ల ఒక్కతే ఉంది. ఉన్నట్టుండి గోదాము అదిరేలా ఏడుపు. మూలుగు తప్ప తెలియని పిల్ల అంత గొంతుతో ఏడవడమా అని లోపలికి పరిగెత్తాను.

కుడి బుగ్గ ఎర్రగా కందిపోయి ఉంది. పేలిందేమో, చీమ కుట్టిందేమో అనుకుని వేలితో నిమిరాను. తర్వాత ఏదో ఆలోచిస్తూ ఆ వేలు నా పెదవికి తగిలింది. భగ్గుమంది. అది కారమని చెప్పడానికి మిరప దేశంలో ఉన్నదానికి డాక్టరు అక్కర్లేదు.

ముందు ఆముదం రాసి తుడిచాను. ఏడుస్తూ ఉండగానే తెరిచిన నోట్లో వత్తి పిండితే, మొదటిసారి పిల్ల గుటకలు వేసింది. ఏడిస్తే ఊపిరితిత్తులు తెరుచుకుంటాయి, ఆకలి పుడుతుంది. అందులో వింతేమీ లేదు.

మస్తాన్‌బీ రాగానే కేకలేశాను. కళ్లం వైపు వెళ్లిన చేతులతో పిల్లని ముట్టుకున్నావా అని. ఆమె అల్లా మీద ఒట్టేసింది. నా కోపం తగ్గాక తనే ఒక మాటంది. "మన ఊళ్లో కారం చేతులతో పసిబిడ్డని ముట్టుకునే ఆడది ఉందా సిస్టరమ్మా?" నిజమే, లేదు.

మరుసటి రోజూ అదే వేళకి అదే ఏడుపు. ఈసారి బుగ్గ, గడ్డం. ఆ తర్వాతి రోజు పిల్ల మూసుకున్న పిడికిలి విప్పి చూస్తే లోపల అరచేయి ఎర్రగా ఉంది. పసిపిల్ల పిడికిట్లోకి తల్లి వేలు పెడితే ఎక్కడ తగులుతుందో సరిగ్గా అక్కడ. అది చూసి నేను భయపడలేదు. నా ఓపిక అయిపోయింది.

కళ్లాల నుంచి గాలికి ఘాటు కొట్టుకొచ్చిందేమోనని చూశాను. అలా అయితే దుప్పటి మీదా పడాలి, ఊయల మీదా పడాలి. రెండూ తడిమి నాలికకి తగిలించుకున్నాను. ఏమీ లేదు. గుడ్డలన్నీ ఉడకబెట్టాను. కిటికీకి చీర అడ్డం కట్టాను. నిద్ర లేక నా బుర్ర చెడిందేమో అనుకోవడానికీ సిద్ధపడ్డాను. అదే నిజమైతే బాగుండు, సెలవైనా ఇచ్చేవాళ్లు.

గడువు దగ్గరపడుతుండగా కోటయ్య గారు పిల్లని బస్సెక్కించే ఏర్పాటు చూడ్డానికి వచ్చింది సరిగ్గా ఆ బువ్వవేళకే. బుగ్గ మీద మచ్చలు చూసి మండిపడ్డారు. "చంటిదాన్ని చూసుకునే తీరు ఇదేనా? ఎవరా కారం చేతుల మనిషి?" అన్నారు. జరిగింది చెప్పాను. నన్ను పైనుంచి కిందకి చూసి, ఊయల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేనూ మస్తాన్‌బీ గుమ్మం దగ్గర నిలబడ్డాం. మా ముగ్గురి కళ్లూ ఆ ఊయల మీదే ఉన్నాయి.

ఏమీ కదల్లేదు. ఎవరూ రాలేదు. పిల్ల మాత్రం కెవ్వుమంది. కోటయ్య గారు వంగి పిడికిలి విప్పి, సరుకు చూసే అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నారు. వెంటనే తుమ్ములు. కండువాతో మొహం కప్పుకుని చాలాసేపు తుమ్ముతూనే ఉన్నారు. తర్వాత ఆ కండువా తియ్యలేదు. తుమ్ములు ఆగినా తియ్యలేదు.

అప్పుడు మస్తాన్‌బీ ఆముదం గిన్నె తెచ్చి ఊయల పక్క గూట్లో ఠకీమని పెట్టింది. ఖాళీ గదిలోకి చూస్తూ తిట్టడం మొదలెట్టింది. "ఎన్నిసార్లు చెప్పానే నీకు? నీళ్లు కాదే, ఆముదం! అదుగో గిన్నె. రాసుకుని ముట్టుకో. పసిదాని ఒళ్లు కాలిపోతంది, కనపడట్లా?" గొంతులో కోపమే ఉంది. కళ్లల్లో నీళ్లున్నాయి.

మర్నాడు ఆ వేళకి పిల్ల ఏడవలేదు. మస్తాన్‌బీ బయట బావి దగ్గర నా కళ్లెదుటే ఉంది. లోపలికెళ్లి చూస్తే పిల్ల మెలకువగా ఉంది. బుగ్గ తెల్లగా ఉంది. దాని మీద జిడ్డు మెరుస్తోంది. పిడికిట్లో కూడా అదే జిడ్డు. వాసన చూశాను. ఆముదం.

కోటయ్య గారు మళ్లీ బస్సు మాట ఎత్తలేదు. ఎవరితోనూ ఆ సంగతి అన్నట్టు కూడా లేదు. మరుసటి కోతలకి మాత్రం వైద్యశాల వెనక ఓ పాక లేచింది, బయటూళ్ల నుంచి వచ్చే గర్భిణీలకని. ధర్మం పోగు డబ్బుతో ఇంకో అమ్మాయి నర్సు చదువుకి వెళ్లింది. కనిగిరి వైపు పిల్లే. నాకు తోడు దొరుకుతుందని నేను సంతోషించాను, అంతకుమించి ఆయన్ని ఏమీ అడగలేదు.

పిల్ల వత్తి వదిలేసి ఉగ్గుగిన్నెతో తాగడం మొదలెట్టాక అమ్మమ్మ వచ్చింది. కొంత దూరం నడిచి, కొంత దూరం ఎవరి బండో ఎక్కి వచ్చిందట. పాదాలు పగిలి ఉన్నాయి. పిల్లని ఒళ్లో పెట్టాను. ఆమె ఏడవలేదు. ఆ చిన్న మొహంలో ఏదో వెతుక్కుంటున్నట్టు చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి అడిగింది.

"అమ్మా, నా కూతురు బిడ్డని చూసుకునే పోయిందా?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఇలాంటప్పుడు తీపి మాటలు చెప్పే అలవాటు నాకు లేదు. ఉన్నదున్నట్టు చెబుతానని, కఠినురాలినని పేరు కూడా ఉంది. వెంగమ్మ ఎలా పోయిందో నాకు తెలుసు. స్పృహలోకి రాలేదు. ఆమె కళ్లు మూసింది నేనే.

"చూసుకుందమ్మా. రోజూ ఎత్తుకుంది" అన్నాను.

అప్పుడు ఏడ్చింది ఆ తల్లి. పిల్లని గుండెకి అదుముకుని, పెద్దగా, హాయిగా ఏడ్చింది.

తర్వాత ఎన్నో ఆసుపత్రుల్లో చేశాను, ఎంతోమందికి ఎన్నో జవాబులు చెప్పాను. ఆ రోజు ఆ ముసలమ్మకి నేను చెప్పింది అబద్ధమో, నిజమో, ఇన్నేళ్లయినా నాకు తెలియలేదు.