అవ్వ కొంగుల సోయకూర

నా చిన్నప్పుడు, లింగంపేట దిక్కున్న మా ఊర్ల, మా అవ్వ జరమొచ్చి పోయింది. అమ్మను మేము అవ్వ అనే పిలిచేది. మనిషి ఇగ కనపడదని నాకు అర్థమైంది గానీ, ఆమె వాసన గూడ పోతదని తెల్వదు. ఆమె రోజూ కట్టుకునే నీలం చీరను ఎవ్వరికీ చెప్పకుండ వడ్ల గుమ్మి ఎనుక దాచిన. ఏడుపొచ్చినప్పుడల్లా అక్కడికి పోయి కొంగుల మొఖం పెట్టుకునేదాన్ని.

మా దగ్గర దినాలయినంక మైల పోవాలని ఇంట్ల ఉన్న బట్టలన్నీ ఉతుకుతరు. మా నాయినమ్మ పద్ధతి మనిషి. గుమ్మి ఎనుకకెళ్లి గూడ గుంజి తీసింది. నేను చూసేసరికి చీర బాయికాడ ఆరుతున్నది. ఉరికిపోయి కొంగు పట్టుకున్న. ఉత్త సబ్బు వాసన! "మా అవ్వను ఉతికి పారేసినవ్!" అని నాయినమ్మ మీదికి దుమ్మెత్తి కొట్టిన. ఆ పూట బువ్వ ముట్టలే. నిజం చెప్తున్న, అవ్వ పోయిన నాడు గూడ అంత ఏడ్వలే.

నాయినమ్మ నోటికి ఊరంత భయపడేది. అసొంటి మనిషి తిట్టకుండ నా చెయ్యి పట్టుకొని సోయకూర మడికాడికి తీస్కపోయింది. రోజూ పొద్దుగాల్నే అవ్వ ఆ కూర కోసి, కట్టలు కట్టి అంగడికి పంపేది. నాయినమ్మ ఓ రెమ్మ తెంపి నా అరచేతుల పెట్టి, "నలుపు బిడ్డా" అన్నది. గట్టిగ నలిపిన. ఆకుల నూనె చేతికంటింది. ముక్కుకాడ పెట్టుకుంటే... అయ్యో, మా అవ్వ!

"కోసి కోసి చేతులకంటేది. ఆ చేతులు కొంగుకు తుడుచుకునేది" అన్నది నాయినమ్మ.

మళ్ల మళ్ల వాసన చూసిన. ఏదో తక్కువున్నది. "ఇది మొత్తం అవ్వ కాదు" అన్న. నాయినమ్మ గట్టు మీద కూలబడ్డది. "మొత్తం రాదు బిడ్డా. దాని చెమట నేను యాడికెళ్లి తేవాలె? గింతనే వస్తది" అని నాకంటె ఎక్కువ ఏడ్చింది. ఆమెకు గూడ కోడలు లేకుండ పోయిందని నాకప్పుడే తెలిసింది.

కామారెడ్డిల డిగ్రీ చదివే నా మనుమరాలు చెప్తది, ఆకుల సన్నటి గొట్టాలు ఉంటయట, నలిపితే పగిలి అందులున్న నూనె గాలిల కలుస్తదట. ఆ వాసనలకు ఏవేవో పేర్లు చెప్పింది, నాకు నోరు తిరుగలే. మసిలిస్తే ఆవిరితోటి పోతదట. అది నిజమే. నేను పప్పు దించినంకనే సోయకూర వేస్త.

అవ్వ ఫోటో ఒక్కటి లేదు. మొఖం గూడ ఇప్పుడు సరిగ యాదికి రాదు, ఏం చేద్దు! ఎల్లారెడ్డి అంగడిల సోయకూర కనపడితే ఆగి, ఒక రెమ్మ నలిపి చూస్త. అమ్మేటోళ్లు నవ్వితే నవ్వనీ. అవ్వ పోయిన వయసు నేనెన్నడో దాటిన. అయినా చేతుల ఆ వాసన ఉన్నంతసేపు నేను ఆమె బిడ్డనే. వాసన పోయినంక ఇంకో రెమ్మ నలుపుత.