భోజన్న చేతిలోని ఏడు ఓట్లు

భోజన్నను నేను మొదటిసారి చూసింది సౌదీలోని అభాలో. అప్పుడతను ఒక మనిషి మెడ మీద మోకాలు పెట్టి కూర్చుని ఉన్నాడు. కింద గిలగిల్లాడుతున్నవాడు పరాయివాడేం కాదు. నాలుగేళ్ళు ఒకే గదిలో, ఒకే గిన్నెలో అన్నం పంచుకు తిన్నవాడు. వాడు చేసిన నేరమేమిటయ్యా అంటే, ఇంటికి ఫోన్ చేసి లాంతరు గుర్తుకు ఓటెయ్యమన్నాడు. తమాషా చూడండి, అంతకు ముందు ఎన్నికల్లో అదే లాంతరు కోసం భోజన్న ధహ్రాన్‌లో ఇంకొకడి ముందు పళ్ళు రెండు రాలగొట్టి వచ్చాడు.

ఇద్దరినీ విడదీయబోతే నాకూ ఒకటి తగిలింది. నా ఎడమ చెవి ఇప్పటికీ సరిగా వినపడదు. గొడవ సద్దుమణిగాక, "పార్టీ మారినవు గదా అన్నా, మరి వాణ్నెందుకు కొట్టుడు?" అని అడిగాను.

"నేనేడ మారిన? లాంతరోళ్ళే మారిన్రు. నేనున్న కాడనే ఉన్న" అన్నాడు. అప్పటికతను నాగలి గుర్తు మనిషి. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో ఎక్కడా సిగ్గు లేదు. నిజంగానే అలా నమ్మాడు.

ఇలాంటి మనిషితో పద్నాలుగేళ్ళు స్నేహం చేశాను. ఎందుకు చేశానో నన్నడగొద్దు. నేను ఎలక్ట్రీషియన్ని, పేరు మహబూబ్. నిర్మల్ పక్క మా ఊరూ వాళ్ళ ఊరూ పొలాలు కలిసే ఊళ్ళు. అతనిది స్కాఫోల్డింగ్ పని. ఇనుప పైపులకు క్లాంపులు బిగించి, ఏడంతస్తుల ఎత్తున మిగతావాళ్ళు నిలబడి పనిచేయడానికి పరంజా కట్టే పని. నడుముకు ఎప్పుడూ పెద్ద స్పానరు వేలాడుతుండేది. అన్నం తినేటప్పుడు కూడా విప్పేవాడు కాదు. అతను బిగించిన క్లాంపు ఊడిందని ఒక్కరూ అనలేదు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

గల్ఫులో ఉన్నవాడికి ఓటుండీ లేనట్టే. పేరు ఊళ్ళో లిస్టులో ఉంటుంది, మనిషి ఇక్కడ ఎండలో ఉంటాడు. అయితే ఇంటి ఓట్లన్నీ మా నోట్లోనే ఉన్నాయని మా నమ్మకం. ఓట్ల ముందు రోజు ఫోన్ చేసి ఫలానా గుర్తుకు వెయ్యమంటే ఇంటిల్లిపాదీ అటే వేస్తారనుకునేవాళ్ళం. మా క్యాంపుల్లో దీనికొక పద్ధతుండేది. మెస్సులో అందరూ కూర్చోవాలి. ఫోన్ స్పీకరు పెట్టి ఖాళీ స్టీలు గిన్నెలో నిలబెడితే గొంతు గట్టిగా వినిపిస్తుంది. ఒక్కొక్కడూ లేచి అందరూ వినేలా ఇంటికి చెప్పాలి. దాన్ని 'ఫోన్ పెట్టుడు' అనేవాళ్ళం. "నా చేతిల ఏడోట్లున్నయి" అని భోజన్న చాతీ చరుచుకునేవాడు. తన ఇంట్లో నాలుగు, తమ్ముడు బాలన్న ఇంట్లో మూడు.

బాలన్నను సౌదీకి తెచ్చింది భోజన్నే. దిగిన రోజునే అరచేతిలో చెయ్యి వేయించుకుని, "నాగలిని ఇడిస్తే నన్నిడిసినట్టే" అని ఒట్టు పెట్టించుకున్నాడు. అన్న కోపిష్టి, తమ్ముడు మొండి. మాట తక్కువ. ఒకసారి చెప్పాడంటే అంతే.

నేను చెప్పబోయేది ముగ్గురం రాబిగ్‌లో ఉన్నప్పటి సంగతి. మాది రిఫైనరీ చుట్టూ రిపేరు పనులు చేసే చిన్న కంపెనీ. సౌదీవాళ్ళను చాలినంత మందిని పెట్టుకోలేదని నితాఖాత్ అనే సర్కారు లెక్కలో ఎరుపు రంగు కింద పడింది. ఎరుపులో పడ్డ కంపెనీకి మా ఇఖామాలు, అంటే అక్కడ ఉండే అనుమతి కార్డులు, రెన్యువల్ కావు. దాని మీద మనిషికింత అని లెవీ పెంచారు. మమ్మల్ని పనిలో పెట్టుకున్న కఫీల్ కట్టలేదు. ఒక ఆదివారం పనికి తీసుకెళ్ళే బస్సు రాలేదు. మర్నాడూ రాలేదు. కఫీల్ ఫోన్ ఎత్తడం మానేశాడు. అరవై మందిమి క్యాంపులో మిగిలిపోయాం. ఒక్కొక్కరి ఇఖామా గడువు అయిపోతూ వచ్చింది. బయట పోలీసులకు దొరికితే లోపలే. దేశం దాటనిచ్చే ఎగ్జిట్ కాగితం లేనిదే ఇంటికి పోలేం.

బస్సు ఆగిపోవడానికి మూడు రోజుల ముందు బాలన్న పాదం మీద పైపు పడింది. దానికి తోడు అతనికి షుగరు కూడా. వేళ్ళు నల్లబడ్డాయి. ఇఖామా లేదు, ఇన్సూరెన్సు లేదు. దవాఖానలో కట్టు కట్టి మాత్రలిచ్చి పంపేశారు. పొద్దునా సాయంత్రమూ భోజన్న ఆ పుండును వేడినీళ్ళతో కడిగేవాడు. మనుషుల పళ్ళు రాలగొట్టిన ఆ చేతులే ఎంత మెత్తగా కడిగేవో! వాసనకు గదిలో మిగతావాళ్ళు పక్కలు బయట వేసుకున్నారు. భోజన్న మాత్రం తమ్ముడి పక్కనే పడుకున్నాడు.

"కాలు పోకముందు వీణ్ని ఇంటికి తోలాలె మహబూబూ. ఎట్లన్న తోలాలె" అని రోజుకు పదిసార్లు అనేవాడు. అప్పటికి అతనికి కావాల్సింది అదొక్కటే.

అప్పుడే ఊళ్ళో ఎన్నికలొచ్చాయి. గొడుగు పార్టీ మండల నాయకుడు ప్రభాకర్ వాట్సాప్‌లో కాల్ చేశాడు. భోజన్న నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని విన్నాడు.

"మీ క్యాంపుల మన మండలపోళ్ళు నలభై మందున్నరు. ఇంటికి నాలుగోట్లేసుకో. అవి మాకు పడితే, గెలిచిన వారంల ఎంబసీతోని మాట్లాడి ఎగ్జిట్ ఇప్పిస్తం. టికెట్లు మావే. మొదటి పేరు బాలన్నదే రాస్త. కానీ నాకు నమ్మకమెట్ల? ఫోన్ పెట్టుడు వీడియో తీసి పంపు. ఒక్కడు తప్పినా లిస్టు లేదు."

పద్నాలుగేళ్ళ నాగలి మనిషి సాయంత్రానికి గొడుగు మనిషయ్యాడు. ఈసారి మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఇక ఆ వారం క్యాంపు క్యాంపులా లేదు. నాగలిని వదిలేది లేదన్న ఇద్దరిని సోమవారం బాత్రూముల దగ్గర పట్టుకుని, ఒకడి ముక్కు గోడకేసి కొట్టాడు. మంగళవారం ఆ ముక్కు తాలూకువాళ్ళు నలుగురు వచ్చి భోజన్న మీద పడ్డారు. అన్నం గంటెతో అతని నుదురు చీల్చారు. అతను స్పానరు తిప్పితే ఒకడి మోచెయ్యి విరిగింది. విరిగిన చేతికి అట్టముక్క కట్టుకుని వాడు మూల కూర్చుని ఏడుస్తుంటే, భోజన్న తన నెత్తురు తుడుచుకుంటూ వెళ్ళి, "ఫోన్ పెడతవా లేదా?" అని అడిగాడు. వాడు పెడతానన్నాడు. చాలామందిమి ఇఖామాలు లేనివాళ్ళం, పోలీసును పిలిచే ధైర్యం ఎవడికీ లేదు. దవాఖానకు పోయే దారి లేదు. బుధవారానికి అందరూ లొంగిపోయారు, ఒక్క బాలన్న తప్ప.

"ఎవల కోసం చేస్తున్ననురా నేను?" అని భోజన్న తమ్ముడి మంచం పట్టె పట్టుకుని ఊపేశాడు. "నీ కాలు కోసం కాదా?"

"నాతోని ఒట్టేయించింది నువ్వే గదన్నా" అన్నాడు బాలన్న. "నాగలిని ఇడిస్తే నిన్నిడిసినట్టే అన్నవు. కాలు కోసం నిన్నిడుస్తనా?"

భోజన్న కొట్టబోయి చెయ్యెత్తాడు. కానీ ఆ రోజు ఆపుకున్నాడు. తమ్ముడు అందరి ముందు కాదనడులే అనుకున్నట్టున్నాడు.

గురువారం సాయంత్రం అస్ర్ నమాజు అయ్యాక మెస్సులో అందరూ కూర్చున్నారు. మర్నాడే ఓట్లు. వీడియో తీసే పని నాకప్పగించాడు. తీయనంటే సరిపోయేది, అనలేదు. ఎందుకంటే ఎగ్జిట్ లిస్టులో నా పేరూ ఉండాలని నాకూ ఉంది. ఒక్కొక్కడూ లేచి గిన్నెలోని ఫోనుకు గొడుగు పేరు చెప్పి కూర్చున్నాడు. పగిలిన ముక్కువాడూ చెప్పాడు. విరిగిన చేతివాడూ చెప్పాడు. అవతల ఆడవాళ్ళు అందరూ "సరే" అన్నారు.

ఆఖరుకు బాలన్నను ఇద్దరు మోసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. అతను తన ఫోన్ తనే గిన్నెలో పెట్టుకున్నాడు. భార్య సునీత ఎత్తింది.

"ఇను సునీతా. మన మూడోట్లు నాగలికే ఎయ్యాలె."

"సరే" అంది సునీత. "కాలెట్లున్నది?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే వీలు లేకపోయింది. భోజన్న బెంచీని ఒక్క తన్ను తన్నాడు. బాలన్న వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడి మీదికెక్కి మొహం మీద గుద్దాడు, చాతీ మీద గుద్దాడు. "అను! గొడుగని అను!" అంటూ బూటు కాలితో తన్నాడు. ఆ బూటు కట్టున్న పాదానికి తగిలింది. బాలన్న అరిచిన అరుపు నా పనికిరాని చెవికి కూడా వినిపించింది. గిన్నెలోంచి సునీత గొంతు, "బావా, కొట్టకు బావా, కాలు బావా" అని ఆగకుండా వస్తూనే ఉంది. ఎవరూ ఆ ఫోన్ కట్టేయలేదు. నేను వీడియో ఆపలేదు. ఫోన్ అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

నెత్తురు బెంచీ కింది నుంచి కాలవ కట్టాక గానీ భోజన్నకు ఒళ్ళు తెలియలేదు. లుంగీ చింపి పాదానికి కట్టాడు. నెత్తురు ఆగలేదు. తమ్ముణ్ణి భుజాన వేసుకుని గేటు బయటికి, రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఇఖామా లేని మనిషి, ఏ పోలీసు కంట పడకూడదని బస్సు ఆగిన నాటి నుంచీ గేటు దాటని మనిషి, నడిరోడ్డు మీద నిలబడి కార్లకు అడ్డం తిరిగి అరిచాడు. అంబులెన్సు వచ్చింది. వెనకే పోలీసులొచ్చారు.

అరబీ వచ్చినవాణ్ని కాబట్టి వాళ్ళ ప్రశ్నలకు నేనే జవాబులు చెప్పాను. ఎవరు కొట్టారని అడిగారు. జారిపడ్డాడని చెప్పాను. పోలీసు నా చేతిలోని ఫోన్ తీసుకుని చూశాడు. వీడియో ఇంకా తెర మీదే ఉంది. భోజన్నను జైలుకు తీసుకుపోయారు.

పోలీసు కేసు కాబట్టి బాలన్నను వెంటనే చేర్చుకున్నారు. మోకాలి కిందికి తీసేశారు. నెల రోజుల ముందు ఆపరేషన్ జరిగుంటే వేళ్ళతో పోయేదని డాక్టరు చెప్పాడు. క్యాంపులో ఇఖామా లేని వాళ్ళందరినీ తర్హీల్‌కు, అంటే ఇళ్ళకు తిప్పి పంపేవాళ్ళను ఉంచే జైలుకు, ఎక్కించుకుపోయారు. వేలిముద్రలు తీసుకుని, మళ్ళీ ఈ దేశానికి రావొద్దని చెప్పి ఒక్కొక్కర్నే విమానం ఎక్కించారు. చంకలో కర్రలతో బాలన్న కూడా ఇల్లు చేరాడు. ఏ నాయకుడి లిస్టూ అక్కర్లేకపోయింది.

ఎన్నికల్లో నాగలి గెలిచింది. పదిహేను రోజులు తిరక్కుండానే ప్రభాకర్ నాగలి కండువా కప్పుకున్న ఫొటో వాట్సాప్‌లో తిరిగింది.

నా ఇఖామాకు ఇంకా గడువుండటంతో వేరే కఫీల్ దగ్గరికి మారాను. జైలుకు వెళ్ళి భోజన్నను చూడాలనుకున్నాను. వెళ్ళే ముందు అతని భార్య ముత్యవ్వకు ఫోన్ చేశాను. చేస్తే మొదట అతని సంగతి అడిగి ఏడ్చింది. ఏడుపు ఆగాక, ఓట్లు ఎటు వేశారని అడిగాను. జైల్లో అతను అడిగే మొదటి మాట అదేనని నాకు తెలుసు.

"ఎటేస్తం మహబూబూ, గొడుగుకే ఏసినం. ఏడుకు ఏడూ. ఓట్లేస్తె బాలన్నను తోలిస్తమని ఆ ప్రభాకర్ ఇల్లిల్లు తిరిగిండు గదా. నేనూ సునీతా అప్పుడే అనుకున్నం."

"బాలన్న నాగలని చెప్పిండు గదా వదినే? సునీత సరే అన్నది. నేనిన్న."

"అనకుంటె? వాళ్ళు చెప్తరు, మేం సరే అంటం. ఆడ ఎండల సచ్చేటోళ్ళతోని కొట్లాట దేనికి? ఆ కొట్టుడంత ఫోన్ల ఇని కూడ, తెల్లారి ఏడ్సుకుంటనే పొయి గొడుగుకేసింది పిల్ల. ఇంటికి రావాలె గదా మనిషి."

"ఇంతకు ముందు?"

"ఇంతకు ముందు నాగలికని చెప్పిండు. మా వాడకు బోరేయించింది లాంతరోళ్ళు, వాళ్ళకే ఏసినం. అంతకు ముందోసారి లాంతరుకెయ్యమని క్యాసెట్టుల మాట్లాడి పంపిండు. ఆ క్యాసెట్టు ఓట్లయినంక పది దినాలకొచ్చింది." ఆ దుఃఖంలోనూ ఆమె కొంచెం నవ్వింది.

జైల్లో జాలీకి అవతల భోజన్న వచ్చి కూర్చున్నాడు. సగమయ్యాడు. నడుముకు స్పానరు లేకుండా అతన్ని చూడటం అదే మొదటిసారి. కాలి సంగతి చెప్పాను. తల వంచుకుని విన్నాడు. తర్వాత, నేననుకున్నట్టే, "బాలిగాని ఇంట్ల నాగలికే ఏసిర్రా?" అని అడిగాడు.

అబద్ధం చెప్పొచ్చు. కానీ ముక్కు పగిలినవాడూ, చెయ్యి విరిగినవాడూ, ధహ్రాన్‌లో పళ్ళు పోయినవాడూ, నా చెవీ, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండింది. ముత్యవ్వ చెప్పిందంతా చెప్పేశాను. క్యాసెట్టుతో సహా.

కోపమొస్తుందనుకున్నాను. జాలీ మీద గుద్దుతాడనుకున్నాను. అతను కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్ని చూసుకున్నాడు.

"మూడూ గొడుగుకేనా?" అన్నాడు మెల్లగా.

"మూడూ."

"అయితె నేనెందుకు కొట్టిన వాణ్ని?"

వీడియో తీసినవాణ్ని, నన్నే అడుగుతున్నాడు.