నలభై ఒక్క గేదెల చావు

బీరువాలోంచి శాలువా తీస్తుంటే కలరా ఉండల వాసన గుప్పుమంది. వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాను. అయిదోది వస్తుంటే అలవాటు కొద్దీ మొహం గోడవైపు తిప్పేసుకున్నా. నలభై ఏళ్ల కిందట రత్నంగారు నాకు నేర్పిన మొదటి పాఠం అది. "తుమ్మితే గోడమీద తుమ్మండమ్మా. గోడకైతే మళ్లీ సున్నం వేయించుకోవచ్చు. కాగితానికి వేయించలేం."

రత్నంగారు నందిగామలో ఒక పాత కచేరీలో రికార్డు గది గుమాస్తా. కీసర మనిషి. ఆదివారం చర్చిలో బైబిలు చదివేది ఆయనే. మిగతా ఆరు రోజులూ అంతే భక్తితో వందేళ్ల కిందటి కాగితాలు చదివేవారు. చదివింది ఎస్సెల్సీ. నేనేమో ఎమ్మే చరిత్ర, ఫస్టు క్లాసు. ఆ ఫస్టు క్లాసు నా ముక్కుమీద కూర్చుని ఉండేది. జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో టెంపరరీ లెక్చరర్‌గా చేరాను. వేసవి సెలవుల్లోపు ఎంఫిల్ థీసిస్ ఇస్తే ఉద్యోగం పర్మనెంటు చేస్తామని ప్రిన్సిపాలుగారు మాటిచ్చారు. చిల్లకల్లులో మా నాన్న అప్పటికే రోడ్డు పక్కన ఆగిన లారీ డ్రైవర్లక్కూడా "మా అమ్మాయి చరిత్ర రాస్తోంది" అని చెప్పేసుకున్నాడు. ఇంక రాయక చస్తానా! వారానికి మూడు రోజులు బస్సెక్కి నందిగామ వెళ్లేదాన్ని.

పాత గొలుసుకట్టు రాత కూడబలుక్కోవడానికే నెల పట్టింది. రత్నంగారు ఎర్రగుడ్డలో చుట్టిన కట్ట ఒకటి నా ముందు పెట్టి, పక్కనే కూర్చుని చిరిగిన అంచులకి పల్చటి కాగితం అంటించుకునేవారు. అడిగితే అక్షరం చెప్పేవారు. అడగకపోతే నోరు మెదిపేవారు కాదు.

ఆ కట్టలో ఉన్నవి తెల్లవాళ్ల కాలంలో జనం కలెక్టరు దొరగారికి పెట్టుకున్న అర్జీలు. ఒక్కొక్కటి చదువుతుంటే గుండె తరుక్కుపోయిందనుకోండి. పాడిగేదె చచ్చిందిట. ఇల్లు కూలిందిట. ముసలితల్లికి కళ్లు పోయాయిట. దిక్కూమొక్కూ లేదుట. రెండోదాంట్లోనూ గేదె చచ్చింది. మూడోదాంట్లోనూ అంతే. లెక్కపెడితే నలభై ఒక్క అర్జీలు, నలభై ఒక్క గేదెలు! ఎవరికీ తెలియని మహావిపత్తు ఒకటి నా చేతికి దొరికిందని రాత్రింబవళ్లు కూర్చుని డెబ్భై పేజీలు రాసేశా. మధ్యలో రెండుసార్లు ఏడ్చాను కూడా. ప్రిన్సిపాలుగారు పొంగిపోయి, పేటలో పెద్దలందరినీ పిలిచి నాచేత ఉపన్యాసం ఇప్పిస్తానన్నారు.

ఉపన్యాసం ఇంక రెండు రోజులుందనగా ఆ డెబ్భై పేజీలూ పట్టుకెళ్లి రత్నంగారికి వినిపించాను. మెచ్చుకుంటారని. ఆయన జిగురు పూసుకుంటూనే విన్నారు.

"ఎన్ని గేదెలన్నారమ్మా?"

"నలభై ఒకటండి."

"ఎద్దు ఒక్కటన్నా పోయిందా?"

నేను కాగితాలు తిరగేశా. "లేదండి."

"మేక?"

"లేదు."

"పాపం, పాలిచ్చేవాటికే వచ్చినట్టుంది రోగం. మేకలు కూడా పాలిస్తాయనుకోండి. పోనీ, ముసలితల్లులు ఎంతమంది?"

"నలభై ఒక్కమంది," అన్నాను. అంటుండగానే నా గొంతు నాకే అదోలా వినబడింది.

ఆయన చెయ్యి తుడుచుకుని నాలుగు అర్జీలు బల్లమీద పక్కపక్కన పరిచారు. ఊళ్లు వేరు, పేర్లు వేరు. రాత మాత్రం ఒక్కటే. "కచేరీ వరండాలో అర్జీలు రాసిపెట్టే ఆయన ఉండేవాడమ్మా. మా చిన్నప్పుడు కూడా అలాంటివాళ్లు ఉండేవాళ్లు. మీరు బావి కోసం వచ్చినా, గట్టు తగాదా మీద వచ్చినా, ఆయన ముందు మీ గేదెని చంపుతాడు. తర్వాతే మీ సంగతి. ఏడుపు లేకపోతే దొర రెండో పేజీ తిప్పడని ఆయన నమ్మకం."

నాకు ఒళ్లు మండిపోయింది. "నెలల తరబడి పక్కనే కూర్చున్నారుగా! ముందే చెప్పొచ్చుగా!"

"మీరు అడిగింది ఏం రాసుందనమ్మా. ఎవరు రాశారని ఒక్కసారి కూడా అడగలేదు."

"ఈ ఒక్కసారికి ఊరుకుందామండి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు ఎప్పటినుంచో తెలుసు. ఇప్పుడు మీక్కూడా తెలిసిపోయింది. అదే వచ్చిన చిక్కు."

ఆయన మళ్లీ జిగురు గిన్నె ముందుకి లాక్కున్నారు. ఆయన్ని తిట్టుకుంటూ బస్సెక్కాను.

మీటింగునాడు మా నాన్న ట్రాక్టరు నిండా జనాన్ని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. చిట్టచివర తలుపు దగ్గర రత్నంగారు, ఉతికిన చొక్కాతో. నేను కాగితం తీసి రెండు వాక్యాలు చదివా. మూడోదాంట్లో మొదటి గేదె చావాలి. ఎంత గింజుకున్నా నోట్లోంచి రాలేదు. కాగితం మడిచేసి, జరిగిందంతా చెప్పేశా, నా డెబ్భై పేజీలూ తప్పని కూడా చెప్పేశా. వెనకనుంచి ఓ పెద్దాయన లేచి, "అయితే మా ముత్తాత గేదె చావలేదంటావా అమ్మాయ్?" అన్నాడు. జనం ఒకటే నవ్వు. ప్రిన్సిపాలుగారు మాత్రం నవ్వలేదు. జూన్‌లో ఆ పర్మనెంటు ఉద్యోగం ఇంకొకాయనకి వెళ్లిపోయింది. మీటింగు అయిన సాయంత్రమే మా నాన్న చిల్లకల్లులో ట్రాక్టరు దిగుతూ ఒకే మాటన్నాడు. "గేదెలన్నిటినీ బతికించి, ఉద్యోగాన్ని చంపుకొచ్చావు కదే."

సోమవారం నందిగామ వెళ్లాను. పోట్లాడటానికో, సెలవు పుచ్చుకోవడానికో నాకే తెలియదు. రత్నంగారు తలెత్తకుండానే అన్నారు: "ఏడవాలనుంటే వరండాలో ఏడ్చి రండమ్మా, ఇక్కడైతే సిరా కరుగుతుంది. ఇంకా ఆరు కట్టలున్నాయి."

వరండాలోకి వెళ్లి శుభ్రంగా ఏడ్చాను. మొహం కడుక్కుని వచ్చి మొదటి కట్ట విప్పాను. ఈసారి గేదెని పక్కకి తోసి, దాని వెనకాల ఏముందో చూడటం మొదలుపెట్టా. ఒకరికి బావిలో నీళ్లు తోడుకోనివ్వట్లేదు. ఒకరి గట్టు జరిపేశారు. అసలు మనుషులు అప్పుడు కనబడ్డారు నాకు.

అయిదో కట్టలో వంకరటింకర రాతతో చిన్న చీటీ ఒకటి దొరికింది. వరండా ఆయన రాత కాదు. గట్టిగా చదివాను.

"నా గేదె బాగానే ఉన్నది. మా అమ్మకు కళ్లు బాగానే కనపడుచున్నవి. నేను ఒక్కదాన్నే సాగు చేసుకొనుచున్నాను. నా చేనికి పోవు దారికి అడ్డముగా కంచె వేసినారు. తీయించవలెను."

అంతే. కింద పేరున్నచోట పురుగు కొట్టేసింది. వరండా ఆయన గేదెని చంపుతానంటే వద్దని లేచి వచ్చేసి ఉంటుంది మహాతల్లి!

రత్నంగారు జిగురు గిన్నె పక్కన పెట్టారు. నా చేతిలోంచి చీటీ తీసుకుని మూడుసార్లు చదువుకున్నారు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. నవ్వి నవ్వి, కళ్లజోడు తీసి, నావైపు చూసి అడిగారు.

"ఎవరమ్మా ఈవిడ? కంచె తీయించారా?"

తనకి జవాబు తెలియని ప్రశ్న ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి. నన్ను! ఎమ్మే ఫస్టు క్లాసు వచ్చినప్పుడు కూడా నేనంత గర్వపడలేదు.

మరుసటి ఏడు ఆ అర్జీల రాతగాడి మీదే థీసిస్ రాశా. ఇంకో ఊళ్లో ఉద్యోగమూ వచ్చింది. రత్నంగారు పోయి చాలా ఏళ్లయింది. కంచె తీయించమన్న ఆవిడ పేరు ఇంతవరకూ దొరకలేదు. ఫలానా చోట పాత కాగితాలున్నాయని తెలిస్తే ఈ మోకాళ్లతోనే ఇప్పటికీ బస్సెక్కుతున్నా. రిటైరయ్యాక కూడా ఎందుకే ఈ తిప్పలని మా ఆయన విసుక్కుంటాడు. దొరికినా చెప్పడానికి రత్నంగారు లేరుగా అంటాడు. లేరు, నిజమే. కానీ ఆయన అడిగారు కదా.