ఆ నాలుగు రోజుల అంకెలు

క్యాబేజీ పై ఆకు చించగానే వచ్చే పచ్చి ఘాటు వాసనకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొన్న ఇక్కడ జర్మనీలో, కైసర్స్‌లౌటర్న్ శనివారం సంతలోనూ అంతే, ఏమీ కొనకుండా వచ్చేశాను. మీరెవరూ వసుంధర మేడంను చూసి ఉండరు. గుంటూరు మిరపచేలలో మందు కొట్టి కొట్టి ఆరోగ్యం పాడుచేసుకున్న రైతు కూతురు. ఇక్కడి పరిశోధన సంస్థలో, కూరగాయల సాగులో పురుగుమందులు తగ్గించేందుకు వచ్చిన గ్రాంటు పని చూసేవారు. నేను ఎం.ఎస్. చదువుతూ ఆవిడ దగ్గర పార్ట్‌టైం చేసేవాణ్ణి.

పని చెప్పుకోవడానికి చిన్నదే. వారానికి రెండుసార్లు క్యాబేజీ చేలో ఆకులు తిప్పి, అడుగున ఉన్న పురుగులు లెక్కపెట్టాలి. హద్దు దాటితేనే మందు కొట్టమని రైతుకు చెప్పాలి. మొదటిరోజు నేను నిలబడే అంకె వేస్తే ఆవిడ కాగితం లాక్కున్నారు.

"పురుగు నీకోసం పైకొచ్చి కూర్చుంటదా అయ్యా? మోకాళ్ల మీద కూర్చో," అన్నారు.

మార్టిన్ అనే రైతు ఒక సీజనంతా అనుమానపడి, చివరికి ఆవిడ మాట మీద స్ప్రేయర్‌ను షెడ్డులో పెట్టేశాడు.

ఇంతలో కరోనా వచ్చింది. మేడం విమానాలు లేక గుంటూరులో చిక్కుకుపోయారు. నా రూమ్‌మేట్‌కు పాజిటివ్ వచ్చి నన్ను రెండు వారాలు క్వారంటైన్‌లో పెట్టారు. మా డైరెక్టర్ ఫోన్ చేసి, పట్టికలో గళ్లు ఖాళీగా ఉంటే గ్రాంటు ఆగిపోతుందని, దాంతోపాటు నా కాంట్రాక్టూ పోతుందని చెప్పాడు. వీసా పొడిగింపుకు ఆఫీసువాళ్లిచ్చిన టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దగ్గరపడుతోంది. గదిలో కూర్చుని నాలుగు రోజుల అంకెలు పాతవాటిని చూసి వేసేశాను. మందు అక్కర్లేదని మార్టిన్‌కు మెసేజ్ కూడా పెట్టాను. అతను నమ్మాడు. నేను బయటికొచ్చేసరికి అతని చేలో ఆకులకు ఈనెలే మిగిలాయి.

మేడం దొరికిన మొదటి విమానంలో వచ్చారు. పట్టిక, నా క్వారంటైన్ కాగితం పక్కపక్కన పెట్టారు.

"ఈ నాలుగు రోజులూ చేలో ఎవరున్నారు?"

ఆవిడ ఆ కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకున్నారు. అంకెలు తప్పని, బాధ్యత తనదేనని, ముందు మార్టిన్‌కు నష్టపరిహారం ఇవ్వాలని గ్రాంటు ఇచ్చినవాళ్లకు రాశారు. వీడియో మీటింగులో ఆ డైరెక్టర్, గళ్లు నింపమన్న ఆ మనిషే, పర్యవేక్షణ లోపమంటూ నెపమంతా ఆవిడ మీదకు నెట్టాడు. సిగ్గులేని మనిషి. కెమెరా ఆపేసుకుని నోరు మూసుకుని కూర్చున్న నేను వాడికన్నా సిగ్గులేనివాణ్ణి. సంస్థ ఆవిడ ఉద్యోగం పొడిగించలేదు. మరుసటి ఏడు మార్టిన్ చేనంతా మందు కొట్టాడు. అతన్ని ఏమనగలను?

వెళ్లిపోయేముందు ఆవిడ నాకు సిఫారసు లేఖ ఇచ్చారు. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం దానివల్ల వచ్చిందే. అందులో ఒక వాక్యం ఉంది: "తప్పు జరిగితే తానే ముందుకొచ్చి చెప్పే మనిషి." ఒక్క దొంగ అంకెను సహించని మనిషి నాకోసం అది రాశారు. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. ఆ వాక్యం నిజం కావాలంటే ఆ అంకెలు నావేనని మార్టిన్‌కు చెప్పాలి; అతని ఇంటికి అరగంట ప్రయాణం. నేను ఇంకా వెళ్లలేదు.